అప్పుకు ఆయుర్దాయం
(ఋణ విమోచన లెక్క పుట్టుపూర్వోత్తరాలు)



రాజుల చరిత్ర, దేవాలయాల చరిత్ర వ్రాయగలవారు మన సంఘంలో చాలామంది ఉన్నారు. ముప్పై ఏళ్ళకు పైగా పద్దు పుస్తకాల మధ్య గడిపిన గుమాస్తాను గనుక నాకు చేతనైనది లెక్కల చరిత్ర మాత్రమే. అందుచేత ఈ ప్రత్యేక సంచికకు ‘అమార్టైజేషన్’ అనే మాటను ఎన్నుకున్నాను. పేరు పెద్దదే గాని విషయం మన ఇళ్ళలోనిదే. ఇంటి అప్పు తీర్చిన తండ్రికి, ఇప్పుడు తీరుస్తున్న కొడుక్కి, పింఛనులో కొంత భాగాన్ని కమ్యుటేషన్ చేసుకున్న మనందరికీ ఈ లెక్కతో సంబంధం ఉంది.

అమార్టైజేషన్ అంటే అప్పును కొద్దికొద్దిగా, ముందే నిర్ణయించిన వాయిదాలలో, ముందే తెలిసిన తేదీకి పూర్తిగా తీర్చివేయటం. తెలుగులో ‘ఋణ విమోచన’ అనవచ్చు. మాటకు మూలం లాటిన్ భాషలో మరణాన్ని తెలిపే పదం. అది పాత ఫ్రెంచిలో ‘చంపివేయుట, చల్లార్చుట’ అనే అర్థంతో క్రియాపదమై, తరువాత ఇంగ్లీషులోకి వచ్చింది. అనగా అప్పును చంపటం. ఋణశేషం, అగ్నిశేషం, శత్రుశేషం ఉంచరాదని మన పెద్దలు అన్నదానికీ దీనికీ భావంలో తేడా లేదు.

(కంపెనీల పద్దుల్లో ఈ మాటకు ఇంకొక వాడుక ఉంది. యంత్రాల విలువను ఏటేటా తగ్గించి వ్రాస్తే తరుగుదల అంటారు. పేటెంటు హక్కుల వంటి కంటికి కనపడని ఆస్తుల విలువను అలాగే తగ్గించి వ్రాస్తే అమార్టైజేషన్ అంటారు. ఈ వ్యాసం మాత్రం అప్పుల గురించే.)

లెక్క ఎలా నడుస్తుంది?

చిన్న ఉదాహరణ చూద్దాం. వెయ్యి రూపాయల అప్పు, నూటికి ఏడాదికి 6 రూపాయల వడ్డీ, అయిదు సమాన వార్షిక వాయిదాలు. వాయిదా 237 రూపాయల 40 పైసలు అవుతుంది.

మొదటి ఏడు: వడ్డీకి 60.00, అసలుకు 177.40, నిలవ 822.60.
రెండవ ఏడు: వడ్డీకి 49.36, అసలుకు 188.04, నిలవ 634.56.
మూడవ ఏడు: వడ్డీకి 38.07, అసలుకు 199.33, నిలవ 435.23.
నాలుగవ ఏడు: వడ్డీకి 26.11, అసలుకు 211.29, నిలవ 223.94.
అయిదవ ఏడు: వడ్డీకి 13.44, అసలుకు 223.96, నిలవ లేదు.

చివర ఒకటి రెండు పైసల తేడా వాయిదాను సరిచేసి వ్రాసినందువల్ల వచ్చింది. గమనించవలసినది ఒక్కటే. కట్టే సొమ్ము ప్రతి ఏడూ సమానమే అయినా దాని కడుపులో వడ్డీ తగ్గుతూ, అసలు పెరుగుతూ పోతుంది. ప్రతి వాయిదా ముందుగా ఆ కాలపు వడ్డీని చెల్లించి, మిగిలినదానితో అసలును తగ్గిస్తుంది. అసలు తగ్గితేనే అప్పుకు ఆయుర్దాయం ఉన్నట్లు. వాయిదా అంతా వడ్డీకే సరిపోతే అప్పు చిరంజీవి.

ఈ చరిత్ర అంతా ఆ తేడా చుట్టూనే తిరుగుతుంది.

చావని తాకట్టు

ఇంగ్లాండులో 12వ శతాబ్దానికి చెందిన ‘గ్లాన్‌విల్’ అనే న్యాయగ్రంథంలో రెండు రకాల తాకట్టులు కనిపిస్తాయి. మొదటి దానిలో భూమి ఋణదాత చేతికి పోతుంది, పంట మీద వచ్చే ఆదాయం అప్పులో జమ అవుతుంది. దానికి ‘సజీవ తాకట్టు’ అని పేరు. రెండవ దానిలోనూ భూమి ఋణదాత చేతికే పోతుంది. కాని ఎన్నేళ్ళు పంట తిన్నా అప్పులో దమ్మిడీ తగ్గదు. దానికి ‘మృత తాకట్టు’ అని పేరు. నేడు మనం దస్తావేజుల్లో చూసే ‘మార్ట్‌గేజ్’ అనే మాట ఆ రెండవ దాని నుంచి వచ్చింది.

మన దేశంలోనూ ఈ తేడా పాతదే. యాజ్ఞవల్క్య స్మృతిలో తాకట్టు వస్తువును రెండు విధాలుగా విభజించారు. భద్రంగా దాచి ఉంచవలసినది గోప్యం, అనుభవించదగినది భోగ్యం. అసలుకు వడ్డీ కలిసి అప్పు రెట్టింపు అయినప్పుడు, తాకట్టు భూమి నుంచి ఆ రెట్టింపు సొమ్ము ఋణదాతకు ముట్టితే, దానిని విడిచిపెట్టాలని ఆ స్మృతి చెబుతుంది. ఒక్క విడతగా తీసుకునే వడ్డీ అసలును మించరాదనే నియమం మనుస్మృతిలోనూ ఉంది. తరువాతి కాలంలో న్యాయస్థానాలు దీనినే ‘దాందుపట్’ నియమమన్నాయి. వాయిదాల పట్టిక లేకపోయినా, అప్పుకు ఒక అంతు ఉండాలనే ఆలోచన అందులో ఉంది.

లెక్కలు తెలియని దేశమూ కాదు మనది. 9వ శతాబ్దంలో మహావీరాచార్యుడు రచించిన గణితసారసంగ్రహంలో మిశ్రక వ్యవహారమనే ప్రకరణం నిండా వడ్డీ లెక్కలే. ఆ గ్రంథాన్ని పావులూరి మల్లన తెలుగులో పద్యాలుగా చెప్పాడు. అయితే గ్రంథంలో లెక్క ఉండటం వేరు, అప్పు చేసిన రైతు చేతిలో ఆ లెక్క ఉండటం వేరు.

బ్రిటిష్ ప్రభుత్వం 1855లో వడ్డీ పరిమితి చట్టాలను రద్దు చేసింది. ఇరుపక్షాలు ఎంతకు ఒప్పుకుంటే అంతే వడ్డీ అయింది. 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టం స్వాధీన తనఖాను కూడా ఒక రకంగా గుర్తించింది. భూమి ఆదాయాన్ని వడ్డీ కింద జమ కట్టుకోవచ్చు, అసలు కింద కట్టుకోవచ్చు, రెండింటికీ కట్టుకోవచ్చు. అంతా దస్తావేజులో వ్రాసిన మాటను బట్టి. ‘వడ్డీ కింద’ అని వ్రాసి ఉంటే ఎన్ని పంటలు పోయినా అసలు అలాగే ఉండేది. చదువురాని రైతుకు ఆ ఒక్క మాటలో తన పొలం భవిష్యత్తు ఉందని చెప్పేవారు ఎవరు?

నిజాం రాజ్యంలో ఇంతకంటే కఠినమైన రూపం ఒకటి ఉండేది. అప్పు తీసుకున్న పేదవాడు భూస్వామి వద్ద పనికి కుదిరేవాడు. దానిని ‘భగేలా’ అనేవారు. అతని చాకిరీ వడ్డీకే చెల్లయ్యేది, అసలు తరువాతి తరానికి మిగిలేది. దీనిని అదుపు చేయడానికి 1936లో భగేలా ఒప్పందాల శాసనం వచ్చింది. చట్టం వచ్చినంత మాత్రాన ఆచారం వెంటనే పోలేదన్నది వేరే సంగతి. లెక్క దృష్టితో చూస్తే భగేలా అంటే అసలును తాకని వాయిదా. అక్కడ వాయిదాగా కట్టినది మనిషి జీవితం.

ప్రభుత్వాల అప్పులు

రైతులే గాక ప్రభుత్వాలు కూడా ఈ లెక్కలో చిక్కుకున్నాయి. అప్పటికే చక్రవడ్డీ పట్టికలు అచ్చులోకి వచ్చాయి. బెల్జియం ప్రాంతపు గణితవేత్త సైమన్ స్టెవిన్ 1582లో వాటిని ప్రచురించాడు. అంతకుముందు వర్తకులు అలాంటి పట్టికలను రహస్యంగా దాచుకునేవారు.

ఇంగ్లాండులో వాల్పోల్ హయాంలో, 1717లో, జాతీయ ఋణం తీర్చటానికి ఒక ప్రత్యేక నిధి ఏర్పడింది. మన ఆఫీసు భాషలో ‘సింకింగ్ ఫండు’. ఏటేటా కొంత మొత్తం అందులో వేసి దానితో అప్పు తీర్చాలి. ఉద్దేశం మంచిదే. కాని 1733 నుంచి ఆ నిధిని మామూలు ఖర్చులకు వాడుకోవటం మొదలుపెట్టారు. దేవుడి హుండీ లెక్క వేరు, ఇంటి ఖర్చు లెక్క వేరు అనే నియమం తప్పితే ఏమవుతుందో అదే అయింది.

తరువాత రిచర్డ్ ప్రైస్ అనే మతబోధకుడు, గణితవేత్త చక్రవడ్డీ మహిమను గొప్పగా ప్రచారం చేశాడు. క్రీస్తు పుట్టిన నాడు ఒక పెన్నీని 5 శాతం చక్రవడ్డీకి ఇచ్చి ఉంటే తన కాలానికి కోట్ల కొద్దీ బంగారు భూగోళాలంత అయి ఉండేదనీ, బారువడ్డీకి ఇచ్చి ఉంటే పట్టుమని పది షిల్లింగులు కూడా అయ్యేది కాదనీ లెక్క కట్టి చూపాడు. ఆ ప్రభావంతో ప్రధాని పిట్ 1786లో ఏటా పది లక్షల పౌన్ల చొప్పున కొత్త విమోచన నిధి పెట్టాడు. 1793లో ఫ్రాన్సుతో యుద్ధం వచ్చింది. ఒక చేత్తో కొత్త అప్పులు తెస్తూ, రెండో చేత్తో పాత అప్పు తీర్చే నిధిలో సొమ్ము వేస్తూ పోయారు. 1813లో రాబర్ట్ హామిల్టన్ అనే ప్రొఫెసరు ఇందులోని డొల్లతనాన్ని బయటపెట్టాడు. ఆదాయం ఖర్చు కంటే మిగిలితేనే అప్పు తీరుతుంది గాని, అప్పు తెచ్చి నిధి నింపితే తీరదని ఆయన వాదన. 1820ల చివరకు ఆ నిధి పద్ధతి ముగిసిపోయింది.

మన ఇళ్ళలో ఒక బ్యాంకు కార్డు బాకీని ఇంకొక కార్డుతో తీర్చే పిల్లలకు ఈ కథ తప్పక చెప్పాలి.

రైతు చేతికి వాయిదా పట్టిక

సమాన వాయిదాల పద్ధతిని పెద్ద ఎత్తున భూమి అప్పులకు వర్తింపజేసిన సంస్థలలో ముఖ్యమైనది ఫ్రాన్సులో 1852లో స్థాపించిన క్రెడీ ఫోన్సియే. యాభై ఏళ్ళ దాకా సాగే సమాన వార్షిక వాయిదాలపై అది అప్పులు ఇచ్చేది. ఋణదాత ఎప్పుడు పడితే అప్పుడు మొత్తం కట్టమని అడిగే భయం లేదు. వాయిదా తప్పకుండా కట్టుకుంటూ పోతే కొడుకు కాలానికైనా భూమి విడుదలవుతుంది.

ఐరోపా ఖండపు ఈ పద్ధతులను అధ్యయనం చేయటానికి మద్రాసు ప్రభుత్వం ఫ్రెడరిక్ నికల్సన్ అనే సివిలియన్‌ను నియమించింది. ఆయన నివేదిక 1895లోను, 1897లోను రెండు సంపుటాలుగా వచ్చింది. 1904లో వచ్చిన సహకార పరపతి సంఘాల చట్టానికి ఆ నివేదిక ఒక ముఖ్య ప్రేరణ. అయితే గ్రామ సంఘాలు ఇచ్చేవి చిన్న అప్పులు, స్వల్పకాలపువి. తరతరాల పాత బాకీ తీర్చుకోవటానికి దీర్ఘకాలపు అప్పు కావాలి.

ఆ అవసరం కోసమే 1929లో మద్రాసులో సహకార కేంద్ర భూతనఖా బ్యాంకు ఏర్పడింది. అప్పటి మద్రాసు రాష్ట్రంలో మన కోస్తా, రాయలసీమ జిల్లాలూ భాగమే. కేంద్ర బ్యాంకు డిబెంచర్లు అమ్మి నిధులు సేకరించేది, ప్రభుత్వం వాటికి పూచీగా నిలిచేది. ఊళ్ళలోని ప్రాథమిక భూతనఖా బ్యాంకుల ద్వారా రైతుకు దీర్ఘకాలపు అప్పు అందేది. అందులో ఎక్కువ భాగం వడ్డీ వ్యాపారుల వద్ద ఉన్న పాత ఋణాలు తీర్చుకోవటానికే పోయింది. మన జిల్లాల రైతు చేతికి వడ్డీ ఎంత, అసలు ఎంత, చివరి వాయిదా ఏ సంవత్సరం అన్నది అచ్చు కాగితం మీద కనిపించటం అక్కడ మొదలయింది. ప్రామిసరీ నోటు తిరగవ్రాసి మూడేళ్ళకోసారి వడ్డీని అసలులో కలిపే పద్ధతికి అలవాటుపడిన వారికి అది చిన్న మార్పు కాదు.

కాని కాలం కలిసిరాలేదు. అదే 1929లో ప్రపంచ ఆర్థిక మాంద్యం మొదలయింది. ధాన్యం ధరలు పడిపోయాయి. పంట విలువ తగ్గింది గాని అప్పు అంకె తగ్గలేదు. 1937లో వచ్చిన రాజాజీ మంత్రివర్గం 1938లో మద్రాసు వ్యవసాయదారుల ఋణ విమోచన చట్టం తెచ్చింది. 1932 అక్టోబరు 1కి ముందు చేసిన అప్పుల మీద 1937 అక్టోబరు 1 నాటికి పేరుకున్న వడ్డీ బాకీని ఆ చట్టం కొట్టివేసింది. అసలుకు రెట్టింపు సొమ్ము అప్పటికే కట్టి ఉంటే ఆ అప్పు పూర్తిగా చెల్లిపోయినట్లే. స్మృతికారుల నాటి రెట్టింపు నియమం ఈ విధంగా శాసనసభ ద్వారా తిరిగి వచ్చింది. ఋణదాతలు కోర్టులకెక్కారు, అప్పు పుట్టటమే కష్టమైందని కొందరు వాదించారు. ఆ వాదనలో కొంత నిజం లేకపోలేదు. అయినా ఎందరో రైతులు భూమి నిలుపుకున్నారు.

తరువాత ఆంధ్ర రాష్ట్రం, ఆపైన ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాయి. భూతనఖా బ్యాంకులు పాత బాకీల కంటే బావులకు, పంపుసెట్లకు, ట్రాక్టర్లకు అప్పులిచ్చే భూమి అభివృద్ధి బ్యాంకులుగా మారాయి. 1987లో మన రాష్ట్రంలో ఏకగవాక్ష విధానం వచ్చి, దీర్ఘకాలిక అప్పులను ఇతర సహకార పరపతితో కలిపివేశారు.

ఇంటి అప్పు: రెండు పద్ధతులు

ఇక ఉద్యోగుల సంగతి. మన కాలంలో చాలామంది ఇల్లు కట్టుకున్నది ప్రభుత్వం ఇచ్చిన గృహనిర్మాణ అడ్వాన్సుతోనే. కేంద్ర ప్రభుత్వ నిబంధనలలో దాని లెక్క ప్రత్యేకం. ముందు అసలును 180 నెలసరి వాయిదాల వరకు కోస్తారు. తరువాత వడ్డీని 60 వాయిదాల వరకు కోస్తారు. నెలనెలా మిగిలిన నిలవ మీద బారువడ్డీయే గాని వడ్డీ మీద వడ్డీ లేదు.

1977లో గృహఋణాల కోసమే హెచ్.డి.ఎఫ్.సి. ఏర్పడింది. క్రమంగా బ్యాంకులన్నీ ఆ రంగంలోకి వచ్చాయి. ఇ.ఎం.ఐ. అనే మాట ఇంటింటికీ వచ్చింది. రెండు పద్ధతులనూ ఒకే అంకెతో పోల్చి చూద్దాం. పది లక్షల అప్పు, 9 శాతం వడ్డీ అనుకుందాం.

బ్యాంకు పద్ధతిలో 20 ఏళ్ళకు నెల వాయిదా 8,997 రూపాయలు. మొదటి నెలలో అందులో 7,500 వడ్డీకే పోతుంది, అసలుకు పడేది 1,497 మాత్రమే. పదేళ్ళు తప్పకుండా కట్టిన తరువాత కూడా నిలవ సుమారు 7 లక్షల 10 వేలు ఉంటుంది. సగం అప్పు తీరటానికి సుమారు 14 ఏళ్ళు పడుతుంది. మొత్తం కట్టేది 21 లక్షల 59 వేల పైచిలుకు. అడ్వాన్సు పద్ధతిలో అదే రేటుకు 15 ఏళ్ళు నెలకు 5,556 రూపాయల చొప్పున అసలు కట్టి, తరువాత అయిదేళ్ళలో 6 లక్షల 79 వేల రూపాయల వడ్డీ కడితే సరిపోతుంది. ‘అసలు కంటే వడ్డీ ముద్దు’ అని మనం మనుమల గురించి అంటాము. బ్యాంకు వారికి అది అక్షరాలా నిజం.

ఇందులో మోసమేమీ లేదు. నిలవ ఎక్కువ ఉన్నప్పుడు వడ్డీ ఎక్కువ, అంతే. కాని ఈ లెక్క తెలిసినవాడు మొదటి సంవత్సరాల్లోనే బోనసో, బకాయి జీతమో వస్తే అసలులో జమ చేస్తాడు. ఆరంభంలో కట్టిన అదనపు రూపాయి చివర కట్టినదానికంటే ఎన్నో రెట్లు పని చేస్తుంది. వ్యక్తుల ఫ్లోటింగ్ రేటు గృహఋణాలను ముందుగా తీర్చేస్తే జరిమానా వసూలు చేయరాదని రిజర్వు బ్యాంకు 2012లో ఆదేశించింది. ఈ సంగతి తెలియక ఎందరో ఊరుకుంటున్నారు.

ఫ్లోటింగ్ రేటుతో ఇంకొక ప్రమాదం కూడా ఉంది. 2022 మే నుంచి 2023 ఫిబ్రవరి మధ్య రిజర్వు బ్యాంకు రెపో రేటు 4 శాతం నుంచి 6.5 శాతానికి పెరిగింది. ఏడు శాతానికి 20 ఏళ్ళ గడువుతో పది లక్షలు తీసుకున్నవారి వాయిదా 7,753 రూపాయలు. రేటు రెండున్నర శాతం పెరిగి 9.5 అయితే, అప్పు కొత్తదైన పక్షంలో నెల వడ్డీయే సుమారు 7,917. వాయిదా మార్చకుండా ఉంచితే వడ్డీకే చాలదు. కట్టుతూనే ఉన్నా అప్పు పెరుగుతూ ఉంటుంది. అంటే గ్లాన్‌విల్ నాటి మృత తాకట్టు కంప్యూటరు కాగితం మీద మళ్ళీ లేచినట్లే. 2023 ఆగస్టు 18న రిజర్వు బ్యాంకు ఆదేశాలు ఇచ్చింది. గడువు పొడిగింపు వల్ల అప్పు పెరిగే పరిస్థితి రానివ్వరాదనీ, రేటు మారినప్పుడు వాయిదా పెంచాలో, గడువు పెంచాలో ఎన్నుకునే అవకాశం ఋణగ్రహీతకు ఇవ్వాలనీ, మిగిలిన వాయిదాల వివరాలు మూడు నెలలకోసారి అందించాలనీ వాటి సారాంశం.

మన పింఛను లెక్క

చివరగా మనకు అన్నిటికంటే దగ్గరి విషయం. కమ్యుటేషన్ కూడా ఒక విధమైన ఋణ విమోచనే. పింఛనులో ఒక భాగాన్ని ప్రభుత్వానికి వదులుకుని దాని విలువ ఒకేసారి తీసుకుంటాము. తరువాత నెలనెలా ఆ భాగం కోతపడుతుంది. ఆ విలువ కట్టటానికి రెండు దినుసులు కావాలి. ఒకటి వడ్డీ రేటు, రెండవది మనుషుల ఆయుర్దాయ పట్టిక. ఎడ్మండ్ హేలీ, తోకచుక్కకు పేరిచ్చిన శాస్త్రవేత్తే, 1693లో బ్రెస్లావ్ పట్టణపు జనన మరణాల లెక్కల ఆధారంగా జీవిత పింఛనుల విలువను కట్టి చూపాడు. మన కమ్యుటేషన్ పట్టిక ఆ వంశంలోనిదే.

కేంద్ర ప్రభుత్వ పట్టికను చూడండి. రాబోయే పుట్టినరోజుకు 61 ఏళ్ళు నిండేవారికి పాత పట్టికలో గుణకం 9.81. దానికి ఆధారం 4.75 శాతం వడ్డీ. 2008లో వచ్చిన కొత్త పట్టికలో 8 శాతం వడ్డీ పట్టుకున్నారు గనుక గుణకం 8.194కు తగ్గింది. వడ్డీ రేటు పెరిగితే చేతికి వచ్చే మొత్తం తగ్గుతుంది.

నెలకు 30,000 పింఛను గల కేంద్ర ఉద్యోగి 40 శాతం, అనగా 12,000 కమ్యూట్ చేస్తే 11,79,936 రూపాయలు వస్తాయి. కోత మాత్రం 15 ఏళ్ళు, అనగా మొత్తం 21,60,000. వడ్డీ లేకుండా చూస్తే తీసుకున్న సొమ్ము 8 ఏళ్ళ 3 నెలలకే తీరిపోతుంది. పట్టికలోని 8 శాతం వడ్డీ కలిపి తగ్గే నిలవ మీద లెక్క వేస్తే 13 ఏళ్ళ 5వ నెలలో తీరుతుంది. ఏడు శాతం వేస్తే 12 ఏళ్ళ 3వ నెలలో తీరుతుంది. మరి మిగిలిన నెలల కోత దేనికి?

దీనికి ప్రభుత్వం వైపు సమాధానం ఒకటి ఉంది. కోత జీవితాంతం ఉంటుందని భావించి కట్టిన విలువ అది. పింఛనుదారుడు మధ్యలో కాలం చేస్తే కోత అక్కడితో ఆగిపోతుంది, మిగతా బాకీని కుటుంబ పింఛను నుంచి వసూలు చేయరు. ఆ నష్టాన్ని బ్రతికి ఉన్నవారి కోత భర్తీ చేస్తుంది. 1986 డిసెంబరు 9న కామన్ కాజ్ సంస్థ కేసులో సుప్రీంకోర్టు ముందు ఇదే తర్కం నడిచింది. సొమ్ము సుమారు 12 ఏళ్ళలో తిరిగి వస్తుందని వాదన వచ్చినా, ఒకేసారి పెద్ద మొత్తం పొందే లాభాన్ని, మరణ ప్రమాదాన్ని దృష్టిలో ఉంచుకుని 15 ఏళ్ళకు పూర్తి పింఛను పునరుద్ధరించటం సమంజసమని కోర్టు అభిప్రాయపడింది. కేంద్ర పింఛనుదారులకు అది 1985 ఏప్రిల్ 1 నుంచి వర్తించింది. దానికి ముందు ఆ కోత మనిషి ప్రాణంతోనే పోయేది. అందుచేత ఆ తీర్పును చిన్నచూపు చూడరాదు. ఆనాడు పోరాడిన పెద్దల పుణ్యం అది.

అయితే 1986 తరువాత గుణకం మారింది, వడ్డీ మారింది, సగటు ఆయుర్దాయం పెరిగింది. పదిహేను మాత్రం మారలేదు. పట్టికలోని దినుసులు మారినప్పుడు ఫలితం కూడా తిరిగి లెక్కించాలని కోరటం దానం అడగటం కాదు. ఇటీవలి సంవత్సరాలలో పలుచోట్ల పింఛనుదారులు ఈ గడువు తగ్గింపు కోసం కోర్టుల తలుపు తట్టారు. కేరళలో గడువు 12 ఏళ్ళే. మన సంఘాలు ఈ కోరికను ప్రభుత్వం ముందు పెట్టినప్పుడు కేవలం కష్టాలు చెప్పక, ఈ లెక్కను కూడా జతపరచాలి. ‘ఎనిమిదేళ్ళకే తీరిపోయింది’ అనే మాట వడ్డీని మరచిన మాట, అధికారులు దానిని ఒక్క నిమిషంలో తోసివేస్తారు. ‘మీ పట్టిక వడ్డీతోనే పదమూడున్నర ఏళ్ళలోపు తీరుతుంది, మిగిలిన కాలానికి మరణ ప్రమాదపు లెక్క చూపండి’ అని అడిగితే సమాధానం చెప్పవలసిన భారం వారిది అవుతుంది.

భోగ్య తాకట్టు నాటి రైతుకు, భగేలా కూలీకి లేనిది ఏమిటంటే తన అప్పు ఏ నాటికి తీరుతుందో చూపే కాగితం. ఆ కాగితం కోసం స్మృతికారుల నుంచి శాసనసభల దాకా చాలామంది పాటుపడ్డారు. ఇవాళ అడిగితే అది మనకు దొరుకుతుంది. కనుక సభ్యులందరికీ నా మనవి. ఇంట్లో పిల్లల ఇంటి అప్పు వాయిదా పట్టికను ఒకసారి తెప్పించి చదవండి, ఈ నెల వాయిదాలో అసలుకు ఎంత పడిందో వ్రేలు పెట్టి చూపమనండి. మీ పింఛను చెల్లింపు ఉత్తర్వు తీసి కమ్యుటేషన్ పునరుద్ధరణ తేదీని గుర్తించి, ఇంట్లో వారందరికీ తెలిసే చోట వ్రాసి ఉంచండి. ఆ నెల పింఛనులో కోత ఆగకపోతే వెంటనే ఖజానా కార్యాలయానికి గాని, బ్యాంకుకు గాని అర్జీ పెట్టండి. లెక్క వ్రాసుకోవటం రాని సభ్యులకు సంఘ కార్యాలయంలో సాయం చేయటానికి నావంటి పాత గుమాస్తాలు ఇంకా కొందరం ఉన్నాము.